కార్వర్ మనవరాలా, టిల్లీ కూతురా: ఒక మేఫ్లవర్ వంశావళి కేసు

క్లయింట్ మసాచుసెట్స్‌లో పుట్టి పెరిగిన మనిషి, కాకినాడ కుటుంబానికి కోడలు. పిల్లలకు నాన్న వైపు ముత్తాతల పేర్లు, ఊళ్లు, ఎవరి పొలం ఎవరి చేతికి పోయిందో కూడా తెలుసు. అమ్మ వైపు మాత్రం ఇంట్లో తిరిగే మాట ఒక్కటే: "మేం గవర్నర్ కార్వర్ సంతతి." ఆ మాట ఆవిడ అమ్మమ్మ రాసుకున్న నోట్‌బుక్‌లోంచి వచ్చింది. జాన్ కార్వర్ అంటే 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చి ప్లిమత్‌లో స్థిరపడినవాళ్లకు మొదటి గవర్నర్. నోట్‌బుక్‌లోని చెట్టులో అందరికన్నా పైన కార్వర్, కింద ఆయన మనవరాలు ఎలిజబెత్, ఆమె భర్త జాన్ హౌలండ్, వాళ్ల కూతురు హోప్. హోప్ నుంచి బార్న్‌స్టబుల్ ఊరి చిప్‌మన్ కుటుంబం, తర్వాత మెయిన్ రాష్ట్రం, అక్కణ్నుంచి మళ్లీ మసాచుసెట్స్.

మేఫ్లవర్ వంశీకుల సంఘం 1897 నుంచి ఉంది. అందులో చేరాలంటే ప్రతి తరానికీ పుట్టుక, పెళ్లి, చావుకు కాగితం చూపించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ఈ బిడ్డ ఫలానా తల్లిదండ్రుల బిడ్డే అని రుజువు చేయాలి. క్లయింట్‌కి ఆ సభ్యత్వం కావాలి, పిల్లలకు చూపించడానికి ఒక చెట్టు కావాలి. పని ఒప్పుకున్నాక వాళ్ల అత్తగారు ఫోన్ తీసుకుని నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "పెళ్లయ్యాక ఇంటిపేరు మారిపోయిన ఆడపిల్లని మూడొందల ఏళ్ల వెనక్కి ఎలా పట్టుకుంటావమ్మా?" కేసులో అసలు కష్టమంతా సరిగ్గా అక్కడే ఉంది. ఈ వంశంలో మలుపు తిరిగిన ప్రతిచోటా ఉన్నది ఆడపిల్లే.

క్లయింట్ అనుమతితోనే ఇది రాస్తున్నాను. బతికున్నవాళ్ల ఆనవాళ్లు బయటపడకుండా 1700 తర్వాతి పేర్లు వదిలేశాను.

ఇటు చివర నుంచి

ఇలాంటి కేసు తీసుకున్నవాళ్లలో చాలామంది ముందు మేఫ్లవర్ దగ్గరికి పరిగెత్తుతారు. నేను క్లయింట్ బర్త్ సర్టిఫికెట్‌తో మొదలుపెడతాను. పైన ఎంత గొప్ప పేరున్నా, మధ్యలో ఒక్క అతుకు ఊడితే అది ఇంకొకరి వంశం అవుతుంది.

మసాచుసెట్స్‌లో జనన, వివాహ, మరణాలను రాష్ట్రస్థాయిలో నమోదు చేయడం 1841లో మొదలైంది. అంతకుముందు ఏ ఊరి క్లర్కు ఆ ఊరి పుస్తకంలో రాసుకునేవాడు. జనాభా లెక్కల్లో ఇంట్లో అందరి పేర్లూ రాయడం 1850 నుంచే. 1790 నుంచి 1840 దాకా ఇంటి పెద్ద పేరొక్కటే ఉంటుంది, మిగతావాళ్లంతా వయసుల వారీగా గళ్లలో అంకెలు. కాబట్టి 1850 దాకా వెనక్కి వెళ్లడం తేలిక. మా కేసులోనూ అంతే, దాని గురించి చెప్పేదేమీ లేదు.

చిక్కు ఆ వెనక తరంలో వచ్చింది. 1760లలో బార్న్‌స్టబుల్‌లో పుట్టిందని నోట్‌బుక్ చెబుతున్న ఒకావిడ, 1830లలో మెయిన్‌లోని కంబర్లాండ్ కౌంటీలో ముసలి విధవగా కనిపిస్తుంది. అమెరికా స్వాతంత్ర్యం కోసం జరిగిన విప్లవ యుద్ధం తర్వాత, బార్న్‌స్టబుల్ ఉన్న కేప్ కాడ్ ద్వీపకల్పం నుంచి చాలా కుటుంబాలు భూమి కోసం మెయిన్‌కి వెళ్లాయి. అప్పటికి అది వేరే రాష్ట్రం కాదు, 1820 దాకా మసాచుసెట్స్‌లో భాగమే. ఈ ఇద్దరూ ఒకే మనిషా? మెయిన్‌లో ఆమె పేరు వెనక ఉన్నది భర్త ఇంటిపేరు. బార్న్‌స్టబుల్ పుస్తకంలో అదే మొదటి పేరుతో ఆ పదేళ్లలో పుట్టిన ఆడపిల్లలు ఒకరికి మించి ఉన్నారు.

మామూలుగా అయితే భూమి దస్తావేజులు చూస్తాం. తండ్రి పోయాక పిల్లలంతా కలిసి పొలం అమ్మితే ఆ దస్తావేజులో కూతుళ్లు, అల్లుళ్లు పేర్లతో సహా దిగుతారు. కానీ బార్న్‌స్టబుల్ కౌంటీ కోర్టు భవనం 1827 అక్టోబరులో తగలబడింది, పాత దస్తావేజు పుస్తకాలు దాదాపు అన్నీ పోయాయి. సరే, మెయిన్ వైపు భర్త ఆస్తి పంపకం చూద్దామా అంటే, కంబర్లాండ్ కౌంటీ వారసత్వ రికార్డులు 1908 జనవరిలో పోర్ట్‌లండ్ సిటీ హాల్ తగలబడినప్పుడు బూడిదయ్యాయి. ఒకే ఆడమనిషి జీవితానికి రెండు చివర్లా నిప్పు.

ఇలాంటప్పుడు మంటల్లో కాగితాలు పోయిన ఊళ్లలో కాకుండా, అదే మనిషి గురించి వేరే చోట ఎవరైనా కాగితం రాయించుకున్నారా అని చూడాలి. ఆమె భర్త విప్లవ యుద్ధంలో సైనికుడు. 1838లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం 1794 జనవరి 1 లోపు పెళ్లయిన సైనికుల విధవలు పెన్షన్‌కి అర్హులు. పెన్షన్ కావాలంటే ఫలానావాడికి భార్యనని, పెళ్లి ఫలానా రోజున జరిగిందని రుజువు చూపాలి. ఎంతో మంది ముసలమ్మలు ఇంట్లో ఉన్న పెద్ద బైబిల్‌లోంచి కుటుంబ వివరాలు రాసుకున్న పేజీ చింపి వాషింగ్టన్‌కి పంపారు. వాటిలో చాలావి ఇప్పటికీ నేషనల్ ఆర్కైవ్స్ ఫైళ్లలో ఉన్నాయి.

మా ముసలమ్మ ఫైల్లోనూ అలాంటి పేజీ ఒకటి ఉంది. దారంతో కుట్టిన వైపు అంచు రంపంలా చినిగింది. పైన పెళ్లి తేదీ, కింద వరసగా పిల్లల పుట్టుకలు. క్లయింట్ ఆ ఫొటో చూసి పని అయిపోయిందనుకుంది. నేను చూసింది సిరా. పెళ్లి, మొదటి ఎనిమిది మంది పిల్లల పుట్టుకలు ఒకే చేతిరాత, ఒకే సిరా, అక్షరాల వాలు కూడా ఒకటే. ఆఖరి ఇద్దరు పిల్లల దగ్గర రాత మారింది, సిరా పలచబడింది. అంటే మొదటి భాగం ఎప్పటికప్పుడు రాసింది కాదు, ఒకే రోజు కూర్చుని గుర్తున్నంత రాసేశారు, లేదా పాత కాగితం చూసి ఎక్కించారు. ఇలాంటి పేజీ వచ్చినప్పుడు బైబిల్ ముద్రించిన సంవత్సరం ఉన్న మొదటి పేజీ కూడా ఉందా అని వెతకాలి. పెళ్లి 1780లలో జరిగి, బైబిల్ 1800 తర్వాత అచ్చయిందంటే ఆ పెళ్లి తేదీ జ్ఞాపకమే తప్ప రికార్డు కాదు. ఈ ఫైల్లో ఆ పేజీ లేదు. పైగా తేదీ 1794 కంటే ముందు ఉంటేనే డబ్బు వస్తుంది కాబట్టి, రాసినవాళ్లకు స్వార్థం ఉంది. అబద్ధమని నేననను. ఒంటరిగా దాని మీద బరువు మాత్రం పెట్టను.

బరువు మోసింది అదే ఫైల్లో వెనక ఉన్న ఒక ప్రమాణ పత్రం. ముసలమ్మ సొంత తమ్ముడు, అప్పటికి ఇంకా కేప్ కాడ్‌లోనే ఉంటున్నాడు, అక్కడి జడ్జి ముందు చెప్పాడు: అక్క పెళ్లి బార్న్‌స్టబుల్‌లో మా నాన్న ఇంట్లో జరిగింది, నేనక్కడే ఉన్నాను. నాన్న పేరు చెప్పాడు. ఆయనకు ఈ పెన్షన్లో పైసా రాదు. పెళ్లి రోజున ఏడెనిమిదేళ్ల పిల్లవాడు కాబట్టి తేదీ విషయంలో పొరపడొచ్చు, కానీ సొంత అక్క ఎవరి కూతురన్న విషయంలో పొరపడడు. అదృష్టం కొద్దీ 1827 మంటల్లో బార్న్‌స్టబుల్ వారసత్వ పుస్తకాలు చాలావరకు బతికి బయటపడ్డాయి. తమ్ముడు చెప్పిన తండ్రి పేరుతో వెతికితే ఆస్తి పంపకం దొరికింది. అందులో ఈ కూతురు మెయిన్‌లోని భర్త ఇంటిపేరుతోనే ఉంది. ఒకరి మాట ఇంకొకరికి తెలియకుండా, వేరే వేరే పనుల మీద పుట్టిన రెండు కాగితాలు ఒకే మాట చెప్పాయి. అతుకు గట్టిపడింది.

ఆ తండ్రి నుంచి పైకి సంఘం అచ్చువేసిన పుస్తకాలు ఉన్నాయి. ఓడలో వచ్చిన ఒక్కొక్కరి సంతతిని అయిదు తరాల దాకా ఆధారాలతో రాసిన సంపుటాలు, వెండిరంగు అట్టల వల్ల మా వాళ్లు సిల్వర్ బుక్స్ అంటారు. సంఘం వాటిని ఒప్పుకుంటుంది, నేనూ ఒప్పుకుంటాను. అయినా క్లయింట్ చెట్టులో ఆడపిల్లల ద్వారా వెళ్లే అతుకుల్ని మాత్రం అసలు కాగితాల దగ్గరికి వెళ్లి చూశాను.

హోప్ ఎవరి కూతురు

బార్న్‌స్టబుల్‌లోని లోత్రాప్ హిల్ శ్మశానంలో హోప్ చిప్‌మన్ సమాధి రాయి ఇప్పటికీ ఉంది. చర్చి పెద్ద జాన్ చిప్‌మన్ భార్య, వయసు 54, జనవరి 8, 1683న ఈ జీవితాన్ని విడిచి ఇంతకన్నా మంచి జీవితంలోకి వెళ్లింది అని దాని మీద చెక్కి ఉంది. ఇక్కడ లెక్క జాగ్రత్తగా వేయాలి. ఇంగ్లండులోనూ దాని వలసల్లోనూ 1752 దాకా కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. మనకు సంక్రాంతి వెళ్లాక కూడా ఉగాది దాకా పాత సంవత్సరమే నడిచినట్టు, వాళ్ల జనవరి, ఫిబ్రవరి పాత ఏడాదిలోనే ఉండేవి. రాయి మీద 1683 అని ఉన్న ఆ జనవరి మన లెక్కలో 1684. అందుకే మేం 1683/4 అని రెండు అంకెలతో రాస్తాం. 1684 జనవరి 8 నాటికి 54 నిండాయంటే పుట్టింది దాదాపుగా 1629లో. ఈ సర్దుబాటు తెలియనివాళ్లు ఎక్కించిన చెట్లలో హోప్ 1628లో పుట్టి ఉంటుంది.

రాయి భర్త పేరు చెప్పింది కానీ తండ్రి పేరు చెప్పలేదు. తల్లి ఎలిజబెత్ హౌలండ్ వీలునామా చూస్తే అక్కడ హోప్ పేరే లేదు. లిడియా బ్రౌన్‌కి మంచి ఈకల పరుపు, ఎలిజబెత్ డికిన్సన్‌కి, హన్నా బాజ్‌వర్త్‌కి దుప్పట్లు, జోసెఫ్‌కి తూకం వేసే కోల, ఇలా వరసగా పంచుకుంటూ పోయింది ఆ తల్లి. హోప్ ఎక్కడ? ఈ ప్రశ్న దగ్గర క్లయింట్‌కి కాస్త టెన్షన్ పట్టుకుంది. జవాబు తేదీల్లో ఉంది. వీలునామా 1686 డిసెంబరు 17న రాశారు, హోప్ అప్పటికే పోయి మూడేళ్లు. పెద్ద కూతురు డిజైర్ గోరమ్ కూడా 1683 అక్టోబరులోనే పోయింది, ఆమె పేరూ లేదు. వీలునామాలో పేరు లేదు కాబట్టి కూతురు కాదనే వాదన నాకు తరచు వస్తుంటుంది. పేరు లేకపోవడానికి చావు, ముందే కట్నంగా ఇచ్చేయడం, అలక, ఎన్నో కారణాలుంటాయి.

తండ్రి వీలునామా అంతకు ముందుది, 1672 మే 29. అందులో జాన్ హౌలండ్ ఆరుగురు కూతుళ్లకు తలా ఇరవై షిల్లింగులు రాశాడు: డిజైర్ గోరమ్, హోప్ చిప్‌మన్, ఎలిజబెత్ డికిన్సన్, లిడియా బ్రౌన్, హన్నా బాజ్‌వర్త్, రూత్ కుష్‌మన్. అందరినీ పెళ్లి తర్వాతి ఇంటిపేర్లతోనే. "నా కూతురు హోప్ చిప్‌మన్" అని తండ్రే చెప్పాక ఇంక వాదన లేదు.

ఇంకో సాక్ష్యం గవర్నర్ విలియం బ్రాడ్‌ఫర్డ్ రాసిన ప్లిమత్ చరిత్ర. 1651 ప్రాంతంలో ఆయన ఓడలో వచ్చినవాళ్ల జాబితా ముందు పెట్టుకుని, ఎవరు పోయారు, ఎవరికి ఎందరు పిల్లలో లెక్క రాశాడు. హౌలండ్ దంపతులు ఇద్దరూ బతికే ఉన్నారని, పది మంది పిల్లలూ బతికే ఉన్నారని, పెద్ద కూతురికి నలుగురు, రెండో కూతురికి ఒకరు, మొత్తం పదిహేను మంది అని ఉంది. హోప్ మొదటి బిడ్డ 1647లో, రెండో బిడ్డ 1652లో పుట్టారు. బ్రాడ్‌ఫర్డ్ కలం పట్టే సమయానికి ఆమెకు ఉండాల్సింది సరిగ్గా ఒక్క బిడ్డే.

కార్వర్ కథ ఎలా నిలబడింది, ఎలా పడింది

అమ్మమ్మ నోట్‌బుక్ ఈ కథను గాల్లోంచి తెచ్చింది కాదు. హౌలండ్ వంశీకుల్లో తరతరాలుగా ఉన్న నమ్మకమే అది. 19వ శతాబ్దంలో వంశీకులు ప్లిమత్ బెరియల్ హిల్ మీద జాన్ హౌలండ్‌కి ఒక రాయి పెట్టించారు. ఆయన భార్యను గవర్నర్ కార్వర్ కూతురని దాని మీద చెక్కించారు. చదివినవాళ్లు ఎవరు కాదంటారు? రాతి మీద ఉంది, శ్మశానంలో ఉంది, సొంతవాళ్లే పెట్టారు. కానీ హౌలండ్ పోయిన నూట అరవై ఏళ్లకు పెట్టిన రాయి ఆయన కాలపు సాక్ష్యం కాదు, డబ్బు పెట్టి చెక్కించినవాళ్ల కాలపు నమ్మకం మాత్రమే. లోత్రాప్ హిల్ మీద హోప్ రాయి హోప్ భర్త, పిల్లలు బతికుండగా పెట్టింది. రెండూ రాళ్లే. నా లెక్కలో రెండింటికీ పోలికే లేదు.

నమ్మకానికి ఒక మూలం ఉంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. హౌలండ్ ఓడ ఎక్కింది కార్వర్ ఇంటి పనివాడిగా. నడిసముద్రంలో తుఫానుకు ఓడ ఒరిగినప్పుడు నీళ్లలో పడిపోయి, బయట వేలాడుతున్న తెరచాప తాడు పట్టుకుని, నీళ్లలో ఎన్నో బారల లోతుకు పోయి కూడా వదలకుండా పైకి చేరిన కుర్రవాడు ఇతనే. ఎలిజబెత్ తల్లిదండ్రులు, అదే ఓడలో వచ్చిన టిల్లీ దంపతులు, దిగిన కొద్ది రోజులకే చనిపోయారు. పదమూడేళ్ల అనాథ పిల్లను ఎవరో ఒకరు ఇంట్లో పెట్టుకుని ఉండాలి, అది కార్వర్ ఇల్లు కావడానికి వీలుంది. కార్వర్ కూడా 1621 ఏప్రిల్‌లో పోయాడు, కొన్ని వారాలకే భార్యా పోయింది. ఆ ఇంటి మనిషిని, ఆ ఇంట్లో పెరిగిందేమో అనిపించే పిల్ల పెళ్లాడితే, నాలుగు తరాలు తిరిగేసరికి ఆ పిల్ల ఆ ఇంటి బిడ్డే అయిపోవడం పెద్ద వింతేమీ కాదు.

మరి ఎలిజబెత్ ఎవరి కూతురో బ్రాడ్‌ఫర్డ్ రాసి పెట్టాడు కదా, ఎవరూ ఎందుకు చూడలేదు? చూడటానికి పుస్తకం లేదు. ఆ చేతిరాత ప్రతి బోస్టన్‌లో ఓల్డ్ సౌత్ చర్చి గ్రంథాలయంలో ఉండేది. విప్లవ యుద్ధం రోజుల్లో, బ్రిటిష్ సైన్యం ఆ చర్చిని గుర్రాల శిక్షణకు వాడుకున్న కాలంలో, అది మాయమైంది. 1844లో శామ్యూల్ విల్బర్‌ఫోర్స్ అనే ఇంగ్లిష్ మతగురువు అమెరికా చర్చి చరిత్ర ఒకటి రాస్తూ లండన్ బిషప్ గారి ఫుల్‌హమ్ ప్యాలెస్ గ్రంథాలయంలో ఉన్న ఏదో రాతప్రతిలోని వాక్యాలు వాడుకున్నాడు. 1855లో ఒక అమెరికన్ చదువరికి ఆ వాక్యాలు బ్రాడ్‌ఫర్డ్‌వే అని అనుమానం వచ్చింది. అదే నిజమైంది. 1856లో మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ దాన్ని అచ్చువేసింది, 1897లో అసలు ప్రతి బోస్టన్‌కి తిరిగొచ్చింది. చరిత్రలో కొంత భాగం అంతకు ముందే ప్లిమత్ చర్చి పుస్తకంలోకి ఎక్కించి ఉంది కానీ, అందులో ఓడ ప్రయాణికుల జాబితా లేదు. మాకు కావాల్సింది ఆ జాబితానే.

ఆ పేజీని క్లయింట్ పక్కన కూర్చుని చదివాను. బ్రాడ్‌ఫర్డ్ కార్వర్ ఇంటి నుంచే మొదలుపెట్టి ఒక్కొక్కరినీ లెక్క తేల్చుకుంటూ వస్తాడు. కార్వర్, భార్య మొదటి ఏడే పోయారు. పనివాడు రోజర్, జాస్పర్ అనే చిన్న పిల్లవాడు వాళ్లకంటే ముందే పోయారు. డిజైర్ మింటర్ ఇంగ్లండు తిరిగి వెళ్లి అక్కడ చనిపోయింది. లేథమ్ అనే కుర్రాడు ఇరవై ఏళ్ల పైన ఇక్కడుండి, ఇంగ్లండు వెళ్లి, అక్కణ్నుంచి బహామా దీవులకు పోయి తిండిలేక చచ్చిపోయాడు. పనిపిల్ల పెళ్లి చేసుకుని ఒకటి రెండేళ్లకు పోయింది. పనివాడు జాన్ హౌలండ్, జాన్ టిల్లీ కూతురు ఎలిజబెత్‌ని పెళ్లాడాడు. ఆ ఇంట్లోని పనిపిల్లకు ఏమైందో కూడా రాసిన మనిషి, కార్వర్ మనవరాలు బతికి ఉండి పది మంది పిల్లల తల్లి అయి ఉంటే రాయకుండా వదిలేస్తాడా? పైగా ఈయన విన్నమాట రాసేవాడు కాదు. అదే ఓడలో వచ్చాడు, కార్వర్ తర్వాత గవర్నర్ అయ్యాడు, ముప్పై ఏళ్లు ఈ దంపతుల పొరుగున బతికాడు. ఆయన రాసే నాటికి వాళ్లిద్దరూ ఊళ్లో తిరుగుతున్నారు.

క్లయింట్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి గవర్నర్ పోయాడా?" అంది. పోయాడు. బెరియల్ హిల్ మీద ఇప్పుడున్న రాయి కూడా టిల్లీ కూతురనే చెబుతుంది. ఆన్‌లైన్ చెట్లలో మాత్రం "ఎలిజబెత్ కార్వర్" ఇంకా హాయిగా బతికేస్తోంది. ఒకరి చెట్టులోంచి ఇంకొకరు ఎత్తుకుంటారు. నలభై చెట్లలో ఉంది కాబట్టి నిజమేనంటూ నాకు మెయిల్ పెడతారు.

ఆ దంపతుల పెళ్లి రికార్డు లేదు. 1627లో కాలనీలోని పశువులను పంచుకున్నప్పుడు రాసిన జాబితాలో మాత్రం దొరుకుతారు. నాలుగో నంబరు వాటాలో జాన్ హౌలండ్, భార్య ఎలిజబెత్, చిన్న జాన్, డిజైర్, వాళ్లతోపాటు ఆల్డెన్ కుటుంబం, మరికొందరు, మొత్తం పదమూడు మంది. వాళ్లందరికీ కలిపి వచ్చింది జేకబ్ అనే ఓడలో దిగిన పెయ్య ఒకటి. దాని పేరు రాగ్‌హార్న్. పెళ్లి ఏ రోజు జరిగిందో ఎవరూ రాయలేదు కానీ ఆవు పేరు రాసిపెట్టారు. ఏదేమైనా 1627 మే నాటికి ఇద్దరు పిల్లలున్నారంటే, పెళ్లి 1625కి ఇటూ అటూ జరిగి ఉండాలి.

సముద్రం దాటి హెన్లో

సంఘానికి ఇక్కడితో చాలు, ఓడ దాకా వస్తే దరఖాస్తు పూర్తయినట్టే. క్లయింట్‌కి మాత్రం గవర్నర్ బదులు ఎవరొచ్చారో తెలియాలి. టిల్లీలు ఇంగ్లండులో ఎక్కడివాళ్లన్నది చాలాకాలం ఊహల్లోనే ఉంది. హాలండ్‌లోని లైడెన్ నగరంలో డచ్ అమ్మాయిని పెళ్లాడిన వేరే జాన్ టిల్లీని తెచ్చి ఎలిజబెత్ తండ్రిని చేసేశారు. పేరు కలిస్తే మనిషి కలిసినట్టే అనుకోవడం మా వృత్తికి పట్టిన పాత జబ్బు.

1976లో రాబర్ట్ లీ వార్డ్ అనే పరిశోధకుడు బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని హెన్లో అనే ఊరి చర్చి రిజిస్టర్లలోంచి ఏడుగురు మేఫ్లవర్ ప్రయాణికుల పుట్టుపూర్వోత్తరాలు బయటపెట్టాడు. 1596లో జాన్ టిల్లీకి, జోన్ హర్స్ట్ అనే విధవకు పెళ్లి. 1607 ఆగస్టు 30న వాళ్ల కూతురు ఎలిజబెత్‌కి బాప్టిజం. ఇంగ్లండు రిజిస్టర్లలో ఇంకో జాన్ టిల్లీ, ఇంకో ఎలిజబెత్ దొరకవచ్చు కదా అని క్లయింట్ అడిగింది. మంచి ప్రశ్న. నాకు ఈ కేసంతట్లో అన్నిటికన్నా నచ్చిన రుజువు దీనికి జవాబే.

ఒంటరి పేరు ఏమీ రుజువు చేయదు, చుట్టూ ఉన్న మందే రుజువు చేస్తుంది. బ్రాడ్‌ఫర్డ్ జాబితాలో జాన్ టిల్లీతోపాటు ఎడ్వర్డ్ టిల్లీ, అతని భార్య యాన్, వాళ్లకు చుట్టాలైన ఇద్దరు పిల్లలు, హెన్రీ శాంసన్, హ్యుమిలిటీ కూపర్, కనిపిస్తారు. హెన్లో రిజిస్టర్లో జాన్‌కి ఎడ్వర్డ్ అనే తమ్ముడున్నాడు. ఆ ఎడ్వర్డ్ 1614లో అదే చర్చిలో ఆగ్నెస్ కూపర్‌ని పెళ్లాడాడు, ఆ రోజుల్లో యాన్, ఆగ్నెస్ ఒకే పేరుగా మార్చి మార్చి వాడేవారు. హెన్రీ శాంసన్ బాప్టిజం కూడా అక్కడే. టిల్లీ, కూపర్, శాంసన్ ఒకే పల్లెలో ఒకళ్లకొకళ్లు వియ్యంకులు, ఒకే ఓడలో ఒకే గుంపు. యాదృచ్ఛికంగా ఇన్ని కలవవు.

దీనికి పైన ఇంకో చిన్న తాళం ఉంది. 1686 డిసెంబరు 17న రాయించిన వీలునామాలో ఎలిజబెత్ తన వయసు తనే చెప్పింది: డెబ్బయి తొమ్మిది. 1607 ఆగస్టు చివర్లో బాప్టిజం అయిన బిడ్డకు ఆ రోజున సరిగ్గా డెబ్బయి తొమ్మిదే. ప్లిమత్ కాలనీలో స్వాన్సీలో కూతురింట్లో కూర్చున్న ముసలావిడ చెప్పిన అంకె, సముద్రానికి అవతల హెన్లో పూజారి రాసిన తేదీతో అతికింది. ఒకటి చూసి ఇంకొకటి రాసే అవకాశం ఎవరికీ లేదు.

ఆమె భర్త వయసు మాత్రం ఇంత శుభ్రంగా తేలదు. కాలనీ పుస్తకంలో ఆయన 1672/3 ఫిబ్రవరి 23న పోయినట్టు, ఎనభైకి పైబడి బతికినట్టు, మేఫ్లవర్‌లో వచ్చి ప్లిమత్‌లో ఉన్నవాళ్లలో ఆఖరి మగమనిషి ఆయనే అయినట్టు రాశారు. ఆ మాట ఎంత జాగ్రత్తగా ఉందో చూడండి. జాన్ ఆల్డెన్ అప్పటికి బతికే ఉన్నాడు కానీ డక్స్‌బరీలో. మేరీ ఆలర్టన్ కుష్‌మన్ ప్లిమత్‌లోనే ఉంది, 1699 దాకా బతికింది, కానీ ఆడమనిషి. ఇంత ఒడుపుగా రాసిన గుమస్తా వయసు దగ్గర మాత్రం "ఎనభై పైన" అని వదిలేశాడు. అలా అయితే 1593కి ముందు పుట్టుండాలి, ఓడ ఎక్కేనాటికి ఇరవై ఏడు దాటుండాలి. బ్రాడ్‌ఫర్డ్ అతన్ని పనివాడని, బలమైన కుర్రవాడని అన్నాడు. ముసలివాళ్ల వయసుకు అయిదారేళ్లు కలిపి చెప్పడం ఆ కాలంలోనూ ఉంది. నా రిపోర్టులో "1592 నుంచి 1599 మధ్య" అని రాశాను. ఇంటి చార్టులో ఒకే అంకె ఉంటే బాగుంటుందని క్లయింట్ అంది. చార్టులోనూ అలాగే ఉంచాను.

డీఎన్‌ఏ సంగతి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. పన్నెండు తరాల వెనక ఒక్క మనిషి నుంచి మామూలు టెస్టులో కనిపించే ముక్క ఏదీ మిగలకపోవడమే మామూలు. తల్లి నుంచి కూతురికి వచ్చే మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ మధ్యలో ఒక్క మగవాడు అడ్డు రాకపోతేనే పనికొస్తుంది, ఈ చెట్టులో 18వ శతాబ్దంలోనే ఇద్దరు మగవాళ్లున్నారు. టెస్టుకి పెట్టే డబ్బు పెన్షన్ ఫైల్ కాపీకి పెట్టమని చెప్పాను.

దరఖాస్తు వెళ్లింది, సంఘం ఒప్పుకుంది. అత్తగారు మళ్లీ ఫోన్ చేసి, గవర్నర్ పోతే పోయాడు గానీ, ఓడలోంచి పడి బతికినవాడు మిగిలాడుగా అంది.

ఇంకో పని మిగిలే ఉంది. బార్న్‌స్టబుల్ పంపకాల కాగితాల్లో మా ముసలమ్మ తల్లి పుట్టింటి ఇంటిపేరు గోరమ్ అని తేలింది. హోప్ అక్క డిజైర్ పెళ్లాడింది జాన్ గోరమ్‌నే. కేప్ కాడ్‌లో నాలుగైదు కుటుంబాలు వందేళ్లు తమలో తాము సంబంధాలు చేసుకున్నాయి, కాబట్టి క్లయింట్ హౌలండ్ దంపతులకు రెండు దారుల్లో వారసురాలు అయ్యే అవకాశం గట్టిగా ఉంది. కానీ ఆ గోరమ్ అమ్మాయి ఏ గోరమ్ కూతురో చెప్పే కాగితం ఇంకా చేతికి రాలేదు. దస్తావేజులు ఎలాగూ 1827లో పోయాయి. ముందు ఆమె అన్నదమ్ముల వీలునామాలు, తర్వాత వెస్ట్ బార్న్‌స్టబుల్ చర్చి సభ్యుల పుస్తకం చూడాలి. ఈ దారిని చార్టులో చుక్కల గీతతో గీసి ఇచ్చాను.